తోడికోడలి ఊపిరి

మా వాడకట్టులో బతుకమ్మ పాట ఎత్తుకునేది నేనే. జమ్మికుంటకు కోడలిగా వచ్చిన రెండో ఏటి నుంచీ అంతే. ముందు నేనొక్కదాన్నే చరణం పాడతాను, చుట్టూ తిరిగే ఆడవాళ్ళంతా "ఉయ్యాలో" అని అందుకుంటారు. వాళ్ళు అందుకున్నంతసేపే నాకు ఊపిరి తీసుకునే సందు. ఇన్నేళ్ళూ ఆ సంగతి నేను పట్టించుకోనే లేదు. గొంతు ఉంది, పాడాను.

నా తోడికోడలు ఆ గుంపులో ఎక్కడో చివర చప్పట్లు కొట్టేది. మా మరిది దుబాయిలో ఉంటాడు. ఆమె, నేను, అత్తమ్మ ఒకే ఇంట్లో ఉంటాం. కరోనా వచ్చి పోయాక ఆమెకు ఆయాసం మిగిలింది. నాలుగు మెట్లెక్కితే గోడ పట్టుకుని నిలబడేది. కరీంనగర్‌లో డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది నేనే. డాక్టరమ్మ మూడు బంతుల ప్లాస్టిక్ డబ్బా ఒకటి కొనుక్కోమంది. గొట్టం నోట్లో పెట్టుకుని గాలి పీలిస్తే బంతులు పైకి లేస్తాయి. "పాటలస్తయా? రోజు పాడమ్మా, ఊపిరి పొడుగయితది" అని కూడా చెప్పింది. నేను పక్కనే కూర్చుని విన్నాను, లోపల నవ్వుకున్నాను. పాటా? ఈమెనా?

రోజూ పొద్దున వంటింటి గోడ అవతల నుంచి వినిపించేది. ముందు బంతుల టకటక. తర్వాత ఫోనులో తంబూర శ్రుతి. ముక్కుతో నాలుగు లెక్కపెట్టేదాకా గాలి తీసుకుని, ఎనిమిది లెక్కపెట్టేదాకా తుమ్మెదలా సన్నగా మూలిగేది. మొదటి నెల ఒక్క బంతే లేచింది. చలికాలం దాటేసరికి మూడూ లేచాయి, పాటలో రెండు చరణాలు ఒక్క ఊపిరిలో లాగేస్తోంది.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆ మూలుగు అయిపోయి కళ్ళు తెరిచేసరికి ఏదో ఒక కొత్త చరణం కట్టుకుని ఉండేది. దుబాయి ఫోను మీద ఒకటి. పత్తి ఏరే చేతుల మీదివైతే ఒకదానికొకటి చేరి పాటే అయింది. "గా ఊపిరి నెమ్మదిగ ఇడుస్తుంటె మాటలు వాటంతటవే వస్తున్నయక్కా" అనేది. నా ఒళ్ళు మండిపోయేది. ఇరవై ఏళ్ళుగా పాడుతున్నాను, నాకు సొంతంగా ఒక్క ముక్క రాలేదు! ఒకనాడు ఆమె స్నానానికి పోయినప్పుడు ఆ డబ్బా తీసి దొంగతనంగా పీల్చి చూశాను. ఒక బంతి లేచింది. రెండోది కదిలి పడిపోయింది. మూడోది నన్ను లెక్కే చేయలేదు. కొంగుతో గొట్టం తుడిచి ఎక్కడిది అక్కడ పెట్టేశాను.

బతుకమ్మకు నెల ముందు పక్కింటి పెద్దావిడ వచ్చి అత్తమ్మ దగ్గర కూర్చుంది. "ఈసారి మీ చిన్నకోడలు గా పత్తి పాట ఎత్తుకోవాలె. మస్తు కట్టింది పిల్ల!" అంది.  నా నోరు ఆగలేదు.

"డాక్టరమ్మ పాడొద్దన్నదత్తమ్మా. ఊపిరితిత్తుల మీద బరువు పడ్తదట. గా డబ్బా సుత బంద్ చెయ్యమన్నది."

తోడికోడలు అక్కడే కూర్చుని సొరకాయ కోస్తోంది. కత్తి ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలింది. మా ఇంట్లో అత్తమ్మ ముందు పెద్దకోడలి మాటకు చిన్నకోడలు ఎదురు చెప్పదు. ఆ సంగతి తెలిసే అన్నాను. అత్తమ్మ లేచి డబ్బా తీసి అటక మీద పెట్టింది. "పాట లేకుంటె ఏమయింది బిడ్డా, పానం ముఖ్యం" అంది చిన్నకోడలితో.

మర్నాటి నుంచి గోడ అవతల చప్పుడు లేదు. నాకు సంతోషమే అయింది, దాచేదేముంది? హాయిగా రెండు కప్పుల చాయ్ తాగాను. పది రోజులు గడిచేసరికి ఆమెకు పిల్లికూతలు మొదలయ్యాయి. ఆరిన బట్టలు తీసుకురావడానికి మేడెక్కి, సగం మెట్ల మీదే కూర్చుండిపోయింది. ఆ చప్పుడు వింటూ కింద నిలబడ్డాను. 

"గప్పుడే ఎందుకు చెప్పలే?" అన్నాను. అడగడం కూడా కోపంగానే అడిగాను.

"నేను జెప్తె..." ఊపిరి కోసం ఆగింది. "నేను జెప్తె నువ్వు అబద్దమాడినట్టయితదక్కా. నువ్వు జెప్తె మర్చిపోయినట్టయితది. జల్ది యాది తెచ్చుకుంటవేమో అని చూస్తున్న."

ఆ మాటకు నన్ను నాలుగు తిట్టినా బాగుండేది. ఓర్పులో కూడా నన్ను దాటిపోయిందే అని ఇంకా మండింది. ఆ మంటతోనే లోపలికి పోయి అత్తమ్మ ముందు నిలబడ్డాను. "డాక్టరమ్మ పాడమన్నది. నేనే ఓర్వలేక ఉత్తగ చెప్పిన" అన్నాను.  "మనిషి ఊపిరితోటి ఆటలానే?" అని ఒక్కటే అంది అత్తమ్మ. అటక మీది డబ్బా దింపి నా చేతిలో పెట్టింది. నేనే కడిగి తోడికోడలికి ఇచ్చాను.

పండగ చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు, పత్తి పాట ఆమే ఎత్తుకుంది. నేను గుంపులో కలిసి "ఉయ్యాలో" అన్నాను. మంచి మనసుతో అన్నానని చెప్పను. ఆమె గొంతు సాగుతుంటే, ఎక్కడో ఒకచోట తెగాలని, ఒక్కసారైనా దగ్గు రావాలని కోరుకుంటూనే తిరిగాను. తెగలేదు. రెండు చరణాలు పాడి ఆమె నా వైపు చెయ్యి చాపింది, మూడోది నువ్వు ఎత్తుకో అన్నట్టు. అందరూ చూస్తున్నారు. గోడ అవతల నుంచి విని విని ఆ చరణం నాకు వచ్చని ఆమెకెలా తెలుసో!

ఎత్తుకున్నాను. సగం దాకా బాగానే పోయి, ఒక మాట మధ్యలో ఊపిరి అయిపోయింది. ఆడవాళ్ళు ఇంకా అందుకోలేదు. ఆమె నా పక్కకు జరిగి, పాట ఆగినట్టు ఎవరికీ తెలియకుండా, మిగతా సగం పాడింది.