పట్టుపురుగుకు చుట్టమెవరు

సూరత్‌లోని బమ్రోలిలో పాఠం చెప్పాలంటే మరమగ్గాల చప్పుడును దాటి గొంతు లేవాలి. అందుకే ఊర్మిళ చదువు చెబుతుంటే కొత్తవాళ్లకు తగాదా పడుతున్నట్టు వినిపించేది. తండ్రి సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చి మగ్గం నడిపితే, ఈమె పట్టుబట్టి జంతుశాస్త్రం చదివింది. ఆ చదువు తమకు కావాలని ఏ కాలేజీ అడగలేదు. సాయంత్రాలు పద్మశాలి సంఘం హాలులో హైస్కూలు పిల్లలకు ట్యూషన్ చెప్పుకునేది. సంఘం పెద్ద రాజమౌళి కిరాయి తీసుకునేవాడు కాదు. ఆ పిల్లల తండ్రుల్లో చాలామంది పనిచేసేది ఆయన కార్ఖానాలోనే. ఊర్మిళ భర్త అంబదాస్ కూడా.

ఆ రోజు జీవుల వర్గీకరణ. బోర్డు మీద పట్టుపురుగు, సాలీడు, ఈగ, తేలు గీసి ఎవరికెవరు చుట్టమో చెప్పమంది. పిల్లలు తడుముకోకుండా పట్టుపురుగునూ సాలీడునూ జతచేశారు.

"రెండూ మనోళ్లే టీచర్, దారం తీస్తయి కదా" అంది నవత.

మగ్గం కింద పాకి పెరిగిన పిల్లలు మాత్రమే చేయగల తప్పు అది. ఊర్మిళ కూడా నవ్వింది. తర్వాత ఓపికగా విప్పి చెప్పింది. చేసే పనిని చూసి చుట్టరికం కలపకూడదు, ఏ పూర్వజీవి నుంచి ఏది చీలి వచ్చిందో చూడాలి. పట్టుపురుగుది ఆరు కాళ్ల పురుగుల వంశం, ఈగకు దగ్గర. సాలీడు తేలుకు దగ్గర. దారం తీయడం రెండూ వేరువేరుగా నేర్చిన విద్య. చాలా వెనక్కి పోతే నాలుగింటికీ ఒకే ముత్తవ్వ. ఇక మనుషులమంటావా, అంతా ఒకే కొమ్మ.

వెనక వరసలోంచి హిమశ్రీ లేచింది. నవాగామ్ నుంచి వచ్చే పిల్ల. తండ్రి పరమేశ్ పాండేసరా రంగుల మిల్లులో కూలి. తెలుగు మాట్లాడుతుంది గనుక తమ కులం పిల్లే అనుకున్నారంతా.

"టీచర్, పని చూసి వంశం చెప్పొద్దంటిరి. మా తాత చెప్పులు కుట్టిండని ఊళ్లె మమ్ముల ఎందుకు దూరం పెట్టిన్రు? గది గూడ తప్పే కదా?"

ఊర్మిళ ముఖం విప్పారింది. తప్పే, శుద్ధ తప్పు అని హాలంతా మోగేట్టు చెప్పింది. హిమశ్రీ పక్కనున్న నవత తన సంచిని ఇవతలికి లాక్కోవడం ఆమె చూసుకోలేదు.

మర్నాడు రాజమౌళి వచ్చాడు. హాలులో కులదైవం మార్కండేయుడి పూజ జరుగుతుందనీ, తల్లులు గొణుగుతున్నారనీ, ఆ మాదిగ పిల్లను మాన్పిస్తే సరిపోతుందనీ నెమ్మదిగానే అన్నాడు.

"పాఠం తప్పని ఎవలన్నరు బిడ్డా? పరీక్షల రాసుకోమను, మార్కులు పడ్తయి. ఇంట్లకు తేవద్దు."

"మీ కార్ఖానల అన్ని కులాలోళ్లు ఒక్క కాడ పని జేస్తలేరా పెదబాపూ?"

"అది ధందా. ఇది మనం."

ఊర్మిళ హాలు తాళంచెవి ఆయన చేతికిచ్చి, తన ఒంటి గదిలోనే చాప పరిచింది. అంబదాస్ ఆమెను తిట్టలేదు, సమర్థించనూ లేదు. పనిలోంచి తీసేస్తారేమోనన్న భయంతో అన్నం సగంలో వదిలి కార్ఖానాకు పోయాడు. ఒక్క తల్లీ తన పిల్లను పంపలేదు. సేటు రాజమౌళి చేతి కింద నలిగే మనుషులే, తమ కింద ఒకరుండాలన్న సంగతిలో మాత్రం సేటుతో ఏకమయ్యారు. చాప మీద హిమశ్రీ ఒక్కతే కూర్చునేది. వారం తిరక్కముందే ఆ పిల్లా రావడం మానేసింది.

ఊర్మిళ నవాగామ్ పోయేసరికి వాకిట్లో టెంపో ఆగి ఉంది. పరమేశ్ సామాను ఎక్కిస్తున్నాడు. గల్లీలో సంగతి పాకి ఇంటి యజమాని ఖాళీ చేయమన్నాడట. నది అవతలి అమ్రోలిలో తమను ఎరిగినవాళ్లు లేరని అక్కడ గది చూసుకున్నారు.

"మీరు మంచిగనే చెప్పిన్రు మేడం. మీది సదువు, మీకు నడుస్తది. మేమే జర నోరు కట్టుకోవాలె." కూతురివైపు తిరిగాడు. "ఎవలన్న అడిగితే ఏం జెప్తవ్?"

హిమశ్రీ ఊర్మిళను చూడకుండా జవాబిచ్చింది. "మా తాత మగ్గం నేసిండు."

"ఆఁ, గట్లనే చెప్పాలె" అన్నాడు తండ్రి.

అది అబద్ధమని దిద్దకుండా, ఊర్మిళ ఆ పిల్ల సంచిని టెంపోలోకి అందించింది. పరమేశ్ టెంపో వెనక తలుపు వేశాడు.