అయస్కాంతం జారిన చోట

నా బీరువాలో ఒక కాగితం పొట్లం ఉంది. చిటికెడు పొడి, గోరంత ముక్క, అంతే. దాన్ని ఏడేళ్ళుగా మోస్తున్నాను, ఇక నా వల్ల కావడం లేదు. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్ళకు చెప్పగలిగి ఉంటే ఎప్పుడో చెప్పేవాణ్ణి.

నేను భిలాయిలో, ఉక్కు ప్లాంటు ఇన్‌స్పెక్షన్ విభాగంలో ఆఫీసర్ని. మాది విజయనగరం వైపు. పెళ్ళి చేసుకోలేదు. సెక్టర్ 7 క్వార్టర్లో ఒక్కణ్ణే ఉంటాను. వారమంతా హిందీ, ఇంగ్లీషు. తెలుగులో నోరు విప్పేది ఆదివారాలు మాత్రమే, అదీ నాయుడు గారి షెడ్డులో.

నాయుడు గారు శ్రీకాకుళం మనిషి, ప్లాంటులో రేకుల పని ఫిట్టరు. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. భార్య పోయాక ఆయనకు ఒక పాత ఇంగ్లీషు కారే లోకమైపోయింది. కుమ్హారిలో ఏదో రైస్ మిల్లు వెనక తుప్పు పట్టి పడున్నదాన్ని లారీ మీద తెచ్చుకుని, క్వార్టర్ పక్కన షెడ్డు వేసి, ఆరేళ్ళు దాని ముందే కూర్చున్నారు. సొట్ట ఉంటే లోపలి నుంచి సుత్తితో కొట్టి కొట్టి తీసేవారు. సొట్ట మీద పుట్టీ ముద్ద పూసి, నున్నగా రుద్ది, రంగేసి జనాన్ని మభ్యపెట్టే పని అంటే ఆయనకు ఒళ్ళు మంట. నేను పీట వేసుకుని చూస్తుండేవాణ్ణి. టీ ఇచ్చేవారు. పెద్దగా మాట్లాడుకునేవాళ్ళం కాదు. నా సంసారం అదేనని అప్పట్లో నాకు తెలియలేదు.

తొంభైల మొదట్లో పాత కార్ల సరదా ఉన్న ఆఫీసర్లం కొందరం కలిసి టౌన్‌షిప్ మైదానంలో ప్రదర్శన పెట్టాం. రాయ్‌పూర్ నుంచి కూడా కార్లు వచ్చాయి. ఏ కారులో అసలుది ఎంత మిగిలింది, బాగుచేసిన పని ఎంత నిజాయితీగా ఉంది అని చూసి మార్కులు వేయాలి. నన్ను జడ్జిని చేశారు. నా దగ్గర గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం ఉండేది. కారు ఒంటి మీద జరుపుకుంటూ పోతే, రంగు కింద ఇనుము ఉన్నంతమేరా పట్టుకుంటుంది, పుట్టీ ఉన్నచోట జారిపోతుంది. ఉక్కు మధ్య బతికేవాళ్ళం కదా, మా ఊళ్ళో అయస్కాంతం పట్టనిది ఏదైనా చెత్త కిందే లెక్క.

నాయుడు గారు ఆ రోజు కోసం ఎందుకు ఎదురుచూశారో నాకు బాగా తెలుసు. మరుసటి ఏడు రిటైరవుతున్నారు. చరోదాలో చిన్న షెడ్డు తీసుకుని, పాత కార్లు బాగుచేస్తూ బతకాలని ఆయన కోరిక. కార్లున్న పెద్దమనుషులంతా మైదానానికి వస్తారు, తన పని చూస్తారు. ఆయనకు కప్పు అక్కర్లేదు. ఈ మనిషి పని నిఖార్సైనది అన్న మాట ఒక్కటి చాలు. ఆ మాట అనాల్సినవాణ్ణి నేను.

ఆయన కారుకు అయస్కాంతం గట్టిగానే పట్టింది. తలుపులు, బానెట్, మడ్‌గార్డులు, అన్నీ. వెనక, పైకప్పు వచ్చి పక్క రేకును కలిసే అతుకు దగ్గర మాత్రం జారింది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ జారింది. చుట్టూ జనం మూగారు.

"పుట్టీ హై," అన్నాను. అందరికీ వినబడేలా అన్నాను. నాయుడు గారు చెయ్యి కొద్దిగా ఎత్తి ఏదో చెప్పబోయారు. నేను తరవాతి కారు దగ్గరికి నడిచాను.

ఎందుకంత గట్టిగా అన్నాను? ఇద్దరం తెలుగువాళ్ళం, ఆదివారాలు నేనెక్కడుంటానో అందరికీ తెలుసు, మనవాడని మార్కులు వేశాడంటారేమోనన్న భయం పొద్దుటి నుంచీ నన్ను తొలుస్తూనే ఉంది, అందుకే ఆ జారిన చోటు దొరకగానే నాకు బాధ కలగలేదు, హమ్మయ్య అనిపించింది. అదీ నా న్యాయం.

మర్నాడు మధ్యాహ్నం ఆయన మా గుమ్మం ముందు నిలబడ్డారు. అంతకుముందెప్పుడూ మా ఇంటికి రాలేదు. లోపలికి రమ్మని కూడా అనలేదు నేను. చేతిలో పొట్లం విప్పారు.

"రంగు గీకీసి, ఆకురాయితో రాసి తెచ్చేను బాబూ. సూడండి. పుట్టీ కాదు, సీసం. ఆ అతుకు మీద కంపెనీవోడే పోసినాడు. ఆ కాలంలో అలాగే పోసీవోరు. అసలుది కదాని నాను ముట్టుకోనేదు."

కాగితం మీద పెన్సిల్‌తో గీసినట్టు నల్లటి చారలు పడి ఉన్నాయి. సీసం కాగితానికి రాసుకుంటే అలాగే పడుతుంది. లోహాల గురించి చదువుకునే ఉద్యోగంలో చేరినవాణ్ణి, చూడగానే తెలిసిపోయింది. కారు మొత్తంలో చెయ్యి పడని అసలైన చోటు అదే, దాన్నే నేను నకిలీ అన్నాను.

"ఫలితాలు చెప్పేశాం నాయుడు గారూ," అన్నాను. "అయినా సీసం ఎక్కడైనా దొరుకుతుంది."

ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. పొట్లం మళ్ళీ మడిచారు.

"అయస్కాంతానికి తెల్దు బాబూ. మీకు తెలుసు కదేటి."

పొట్లం గడప మీద పెట్టి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం నలుగురి ముందు ఒక్క మాట అంటే సరిపోయేది. ప్లాంటులో నేను కాదన్న సరుకు కాదన్నట్టే. ఒకసారి తప్పానని ఒప్పుకుంటే, ఇన్నాళ్ళూ కాదన్నవాటి మాటేమిటని అడుగుతారు. అడిగితే ఏమైపోతుంది? నాలుగు రోజులు నవ్వుకుని మరిచిపోయేవాళ్ళు. ఆయన సంగతి మాత్రం ఎవరూ మరిచిపోలేదు. ప్లాంటు వర్క్‌షాపులో ఆయనకు 'పుట్టీ దాదా' అని పేరు పెట్టారు. రాయ్‌పూర్ వాళ్ళెవరూ ఆయన గుమ్మం తొక్కలేదు. నేను ఆదివారాలు వెళ్ళడం మానేశాను. ఆఫీసుకు పోతూ చూసేవాణ్ణి, గీకిన చోట ఆయన మళ్ళీ రంగు వేయలేదు. అరచేయంత మచ్చ అలాగే ఉండేది. నెల తిరక్కుండా నా దారి మార్చుకున్నాను.

రిటైరయ్యాక ఆయన క్వార్టర్ ఖాళీ చేశారు, కారు ఎవరికో ఇచ్చేశారట. ఆ తరవాత రెండేళ్ళకు, పని మీద చరోదా వెళితే, ఒక లారీల గ్యారేజీ ముందు మా జీపు ఆగింది. లోపల లారీ తలుపు దగ్గర ఆయన. చేతులు మోచేతుల దాకా తెల్లగా ఉన్నాయి. పుట్టీ పూస్తున్నారు. నన్ను చూసి, "బాగున్నారా బాబూ," అన్నారు. బాగున్నానన్నాను. అసలు మాట నాలుక చివరి దాకా వచ్చింది. అంతలో డ్రైవరు హారన్ కొట్టాడని ఇక్కడ రాయబోయాను. కొట్టలేదు. నేనే వెళ్ళి జీపెక్కాను.

పోయిన నెల ప్లాంటు గేటు దగ్గర టీ తాగుతుంటే ఎవరో అన్నారు, 'వో పుట్టీ దాదా గుజర్ గయే' అని, ఆయన పోయారని. ఆ పేరు తప్పని అప్పుడైనా అని ఉండొచ్చు. గ్లాసు పట్టుకుని తల ఊపాను. నేను ఏడిస్తే ఎందుకని అడిగేవాళ్ళు కూడా నాకు ఈ ఊళ్ళో లేరు. ఉన్న ఒక్క మనిషినీ నేనే పోగొట్టుకున్నాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సింది మీరు కాదు. ఇందాక పొట్లం విప్పి, ఆ గోరంత ముక్కతో ఈ కాగితం అడుగున ఒక గీత గీశాను. నల్లగా పడింది.

అది పుట్టీ కాదు, సీసం. నాయుడు గారు చెప్పింది నిజం. మైదానంలో, అందరి మధ్య, హిందీలో అనాల్సిన మాట ఇది. ఇప్పుడు తెలుగులో ఒకసారి పైకే అన్నాను. గదిలో ఎవరూ లేరు. అయినా అన్నాను.