ముంచమంటే చిలకరించాను

సహోదరులారా, సహోదరీలారా, గొర్రెలను తోలడం తెలుసు గాని గొర్రె తోలు సంగతి తెలియని మూర్ఖుణ్ణి నేను, ఆ మాట ముందే ఒప్పేసుకుంటే మధ్యలో నవ్వడానికి మీరు మొహమాటపడరు.

మాది కోరుకొండ పక్క మెరక. మంద మేపుకుంటూ శనివారం శనివారం మాంసం అమ్ముతాను, తోళ్లు రాజమండ్రి నుంచి మస్తాన్ గారు వచ్చి కొని ఫ్యాక్టరీకి పంపుతారు. కిందటేడు గొర్రెలకు పిడుదులు పట్టి రక్తం పీలుస్తుంటే, అవి గోడకు ఒళ్లు రాసుకుంటుంటే, మేత పెడితే రక్తం అదే వస్తుందిలే అనుకున్నాను. ఒకరోజు మస్తాన్ గారు వెంట్రుకలు తీసిన నా తోలొకటి తెచ్చి ఎండకు పట్టారు.

"ఏంటండీ ఏసోబు గారూ, ఇది తోలా, పిండి జల్లెడా? పురుగు కుట్టిన చోటల్లా మచ్చే. ఇంకోసారి ఇలాగుంటే మీ గడప తొక్కనండి" అన్నారు.

తోళ్ల బేరం పోతే మంద అమ్మేయడమే అంది మా ఆవిడ.

పశువుల డాక్టరు గారు మందిచ్చి, తొట్టి నీళ్లలో కలిపి గొర్రెలను ముంచమన్నారు. మనది చిలకరించే సంఘం కదా, మా తాత మొదలు నా మనవడి దాకా అందరికీ నుదుటి మీద నాలుగు చుక్కలతోనే బాప్తిస్మం అయింది, గొర్రెకి అంతకంటే ఎందుకని గిన్నెలో మందు కలిపి తలకో నాలుగు చుక్కలు చల్లి ప్రార్థన చేసి వదిలేశాను. ఆ ప్రార్థన పిడుదులకు బాగా పనిచేసింది, ఇంకా లావెక్కాయి.

మా బావమరిది సమూయేలుది మనిషిని నిలువునా నీళ్లలో ముంచి బాప్తిస్మమిచ్చే సంఘం. "బావగారండీ, గొర్రెలక్కూడా చిలకరింపేనా? అందుకే పిడుదులు మారుమనస్సు పొందలేదు" అని ఊరంతా చెప్పుకొచ్చాడు.

ఆ మధ్యాహ్నం దొడ్లో మోకాళ్లూని, "ప్రభువా, నా తెలివి నా గొర్రెలను తినేస్తోంది, దాన్ని తీసేయి, ఇంకొకరి మాట వినే చెవులియ్యి" అని ఏడ్చాను. లేచేసరికి సమూయేలు లుంగీ ఎగ్గట్టి తొట్టిలో నీళ్లు నింపుతున్నాడు. దేవుడు జవాబు పంపాడు సరే, ఈ మనిషి చేతే పంపాలా అనిపించింది ఒక్క క్షణం.

ఇద్దరం చేతులకు తొడుగులు వేసుకుని ఒక్కొక్క గొర్రెనూ మెడదాకా ముంచి, చెవుల సందులు గుడ్డతో తడిపి, డాక్టరు గారన్న గడువుకు మళ్లీ ముంచాం, మాంసంలో మందు మిగలకూడదని ఆయన సరేననే దాకా ఒక్కటీ కోయలేదు. పాత గాట్లు మానడానికి నెలలు పట్టింది. ఆ తర్వాతి తోళ్లను ఫ్యాక్టరీ వాళ్లు మొదటి రకంలో వేశారని మస్తాన్ గారే వచ్చి చెప్పారు. మంద నిలిచింది, దేవునికే మహిమ.

కాబట్టి ప్రియులారా, ఆయన్ని నమ్మండి, నమ్మితే మెడదాకా మునగండి. పాస్టరు గారు క్షమించాలి, గొర్రెల గురించే అంటున్నాను.

ఇక సమూయేలు సంగతి. పగ తీర్చడం దేవుని పనేనని నాకు తెలుసు, ఇంత చిన్నదానికి ఆయన్ని శ్రమపెట్టడమెందుకని నేనే చూసుకున్నాను. మచ్చలేని నా తోలుతో చెప్పులు కుట్టించి మొన్న క్రిస్మస్‌కి అతనికి తొడిగాను. ఇకమీదట నా గురించి ఎవరికేం చెప్పాలన్నా నా చెప్పుల్లో నిలబడే చెప్పాలి.