మావ ఏరిన రంగులు

మా మావ పదకొండేళ్ళు నాతో మాట్లాడలేదు. పన్నెండో ఏడు ఆయనకు పక్షవాతం వచ్చింది. ఆ తర్వాత మాట్లాడాలనుకున్నా మాట లేకుండా పోయింది.

మాది అరకు నుంచి జీపులో ముప్పావుగంట దూరాన కొండవాలు మీద ఉన్న ఊరు. మాది అంటున్నాను గాని, అది నా భర్త ఊరు. మా కన్నవారిది పాచిపెంట కొండల కింద, సాలూరు వైపు పల్లె. వరి పండించుకునే ఇల్లు. సాలూరులో కుట్టుపని నేర్చుకుంటున్న రోజుల్లో అక్కడికి జీపు తోలుకుంటూ వచ్చే కొండవాళ్ళ అబ్బాయిని ఇష్టపడి చేసుకున్నాను. మావాళ్ళు నన్ను వదులుకున్నారు. ఇక్కడ, వానలో తడిసి వచ్చిన మమ్మల్ని మావ గుమ్మంలో ఆపేశాడు. నా వైపు చూడకుండా కొడుకుతో అన్నాడు.

"కిందోల్ల గుంటకి ఈ ఇంట్లో చోటు నేదు."

కిందోల్ల గుంట అంటే మైదానం పిల్ల, నేనే. ఆ మాట అనేసి ఆయన లోపలికి వెళ్ళిపోయాడు. తలుపు మాత్రం వెయ్యలేదు. అలా చోటు దొరికింది. అత్త అప్పటికే పోయింది. వంట నేనే చేసేదాన్ని, ఆయన తినేవాడు. ఉప్పు తక్కువైతే కొడుకుతో చెప్పేవాడు, కొడుకు లేకపోతే గోడతో చెప్పేవాడు. ఏనాడూ తిట్టలేదు. నన్ను ఏమనీ పిలవలేదు కూడా. మాకు పిల్లలు కలగలేదు. దాని గురించి కూడా ఆయన ఏమీ అనలేదు.

కాఫీ పళ్ళు కొనే యార్డులో ఆయన పని. రైతులు గంపలతో పళ్ళు తెస్తే, పచ్చివీ మరీ మగ్గిపోయినవీ తీయించి, సరైన ఎరుపున్న పళ్ళనే తూకానికి పంపాలి. చెయ్యి పెట్టకుండానే పై నుంచి చూసి చెప్పేసేవాడట, అనుమానం వస్తే గంప అడుగు కూడా చూసేవాడట. ఆయన ఒక గంప ముందు ఆగి "నేదు" అన్నాడంటే ఆ గంప పక్కకు పోవాల్సిందే, మళ్ళీ ఏరుకు రావాల్సిందే. ఊళ్ళో ఆడవాళ్ళు నాతో స్నేహం కలిపాక ఈ సంగతి చెప్పుకుని నవ్వేవారు. నాకు నవ్వు వచ్చేది కాదు.

కార్తీకం వెళ్ళాక ఒక పొద్దున్న యార్డుకు బయలుదేరుతూ గడప దగ్గర కూలబడ్డాడు. నా భర్తా నేనూ జీపులో వేసుకుని విశాఖపట్నం ఆస్పత్రికి తీసుకెళ్ళాం. మూడు వారాల తర్వాత తిరిగి తెచ్చాం. కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. మాట పోయింది, ఒక్క మాట తప్ప. ఆ ఒక్క మాట "నేదు".

ఆకలేస్తే నేదు. వద్దనాలన్నా నేదు. నొప్పి పుట్టినా, దోమ కుట్టినా, కొడుకు ఇంటికొచ్చినా అదే. డాక్టరమ్మ ముందే చెప్పింది. కొందరికి ఇలా ఒక్క మాట మిగులుతుందట, ఆయన అది కావాలని అనడం లేదట, మనం చెప్పేవన్నీ ఆయనకు తెలుస్తాయట. ఎడమ చేతికీ కళ్ళకీ ఏదో ఒక పని చెబుతూ ఉండమంది.

నా భర్త బొర్రా గుహలకు టూరిస్టులను తిప్పుతాడు. తెల్లారకముందే పోతాడు. పగలంతా ఇంట్లో మేమిద్దరమే. స్నానం కొడుకు చేయించేవాడు, అన్నం నేను పెట్టేదాన్ని. మొదటి ముద్ద నోటి దగ్గర పెట్టినప్పుడు ఆయన కళ్ళు మూసుకున్నాడు. ముద్ద మింగాక కూడా తెరవలేదు. అది కోపమో సిగ్గో నాకు తెలియలేదు. తెలుసుకోవాలని కూడా అప్పుడు అనిపించలేదు.

చచ్చుబడిన పక్కకి చలి ఎక్కువ. రెండు దుప్పట్లు కప్పినా ఆయన కుడి పాదం ఐసుగడ్డలా ఉండేది. పాత చీరలతో మందంగా బొంత కుడదామని బయటికి తీశాను. అదే సమయానికి లెక్కల టీచరమ్మ వచ్చింది. కింద రోడ్డు మీద ఉన్న ఆడపిల్లల హాస్టలు స్కూల్లో పాఠం చెప్పేది, రవికెలు నా దగ్గరే కుట్టించుకునేది. నా పని చూసి, ఎలాగూ కుడుతున్నావు కదా ఇది చూడమని ఫోనులో ఒక బొమ్మ చూపించింది. చిన్న చిన్న గుడ్డముక్కలతో కుట్టిన బొంతే, కానీ రంగులు ఒకదాని వెనక ఒకటి పైకి లేచి కిందికి దిగుతూ అలల్లా ఉన్నాయి. దాన్ని బార్జెల్లో అంటారట, ఇటలీ దేశం వాళ్ళ పేరట. ఇన్ని ముక్కలు వంకరగా కత్తిరించడం నా వల్ల కాదన్నాను. అందులో వంకర ముక్క ఒక్కటీ లేదని, అన్నీ తిన్నని పట్టీలేనని చెప్పింది. మరుసటి ఆదివారం గ్రాఫు కాగితం మీద గళ్ళు నింపి తెచ్చి, ఎలా చెయ్యాలో మెట్టు మెట్టుగా చెప్పింది.

రంగురంగుల గుడ్డను ఒకే వెడల్పు పట్టీలుగా కత్తిరించాలి. లేత రంగు నుంచి ముదురు దాకా వరసలో పేర్చి, ఒకదానికొకటి కుట్టుకుంటూ పోవాలి. చివరి పట్టీని మొదటి పట్టీకి కుడితే అది గొట్టంలా తయారవుతుంది. ఆ గొట్టాన్ని అడ్డంగా కోస్తే గాజుల్లాంటి చుట్లు వస్తాయి, కొన్ని సన్నం, కొన్ని వెడల్పు. ఒక్కో చుట్టునూ ఒక్కో కుట్టు దగ్గర విప్పాలి. మొదటిది ఎరుపు దగ్గర విప్పితే, పక్కది ఒక రంగు పైన, దాని పక్కది ఇంకో రంగు పైన. అవి పక్కపక్కన కుడితే అల లేస్తుంది. అంతా రంగుల వరసలోనే ఉందని, వరస తప్పితే అల విరిగిపోతుందని టీచరమ్మ రెండుసార్లు హెచ్చరించింది.

రంగులకు నాకు లోటు లేదు. రవికెలు కుట్టే మనిషి ఇంట్లో టూ బై టూ రవికె గుడ్డ ముక్కలు, లైనింగు ముక్కలు బస్తాల్లో ఉంటాయి. ముక్క మూరెడుకి మించి పొడవుండదు కాబట్టి ఒక పెద్ద గొట్టానికి బదులు నాలుగు చిన్న గొట్టాలు చేద్దామనుకున్నాం. మావ మంచం పక్కన చాప పరిచి బస్తా గుమ్మరించాను. ఆకుపచ్చలన్నీ ఒక చోట, పసుపులు ఒక చోట, ఎరుపులు ఒక చోట పెట్టాను.

ఆయన చాలాసేపు చూశాడు. తర్వాత ఎడమ చెయ్యి కిందికి చాచి నా వరసలోంచి ఒక ముక్కను లాగి పక్కన పడేశాడు.

"నేదు."

దాహం వేస్తోందేమోనని నీళ్ళిచ్చాను. గ్లాసు తోసేశాడు. ఇంకో ముక్క లాగాడు. అప్పుడు అర్థమైంది. నేను రంగు పేరు చూసి పెడుతున్నాను. ఆయన వెలుగు చూస్తున్నాడు. ముదురు ఆకుపచ్చ పక్కన ఇంకో ఆకుపచ్చ కాకుండా గోధుమరంగు పెడితేనే కళ్ళకు మెట్టు కుదురుతోంది. ఆయన వేలు పెట్టిన చోట పెట్టి చూశాను. కుదిరింది. ఆ రోజు రెండు గంటలు అలా కూర్చున్నాం. నేను ముక్క ఎత్తి చూపించడం, ఆయన నేదు అనడం లేకపోతే ఊరుకోవడం. ఆ ఇంట్లో ఆయనా నేనూ ఒకే పని మీద కూర్చోవడం అదే మొదలు.

వారం రోజుల్లో పద్దెనిమిది రంగులు నిలిచాయి. ఒక్క చిలకపచ్చ దగ్గర మాత్రం పేచీ వచ్చింది. ఆయన దాన్ని మూడుసార్లు తీసేశాడు. స్కూలు ఫంక్షను డ్రెస్సులు కుట్టగా మిగిలిన ఆ గుడ్డ నా దగ్గర చాలా ఉంది, పైగా గట్టి గుడ్డ. నాలుగోసారి ఆయన నిద్రపోతుంటే దాన్ని వరసలో పెట్టి కుట్టేశాను.

కుట్టడం అనుకున్నంత తేలిక కాలేదు. రవికెకు అరంగుళం లోపలికి వదలడం నా చేతికి అలవాటు. ఇక్కడ పావంగుళమే వదలాలి, అదీ ప్రతి పట్టీకీ ఒకేలా. పట్టీలన్నీ ఒకే వైపు నుంచి కుట్టుకుంటూ పోతే మొదటి గొట్టం అరటిపండులా వంగిపోయింది. ఒకటి పై నుంచి, ఒకటి కింద నుంచి కుట్టాలని విప్పి మళ్ళీ కుట్టాక గానీ తెలియలేదు. ఇస్త్రీ చేస్తుంటే ఒక లైనింగు ముక్క పెట్టెకు అంటుకుని కాలింది. ఎలాగో నాలుగు గొట్టాలూ కుట్టాను. మొదటి గొట్టాన్ని పదహారు చుట్లుగా కోశాను, టీచరమ్మ కాగితం చూస్తూ విప్పాను, జతచేసి కుట్టాను. దులిపి మావ కాళ్ళ మీద పరిచాను.

అల లేచింది. కానీ దాని మధ్యలో చిలకపచ్చ ఒక్కటే మెట్లమెట్లుగా, నిచ్చెన వేసినట్టు మెరుస్తోంది. మిగతా పదిహేడు రంగులూ కనబడటం లేదు.

"నేదు," అన్నాడు మావ.

పది రోజుల పని అది. మెడ నొప్పి, కళ్ళ మంట. పొద్దున్నుంచి ఆయన పక్క బట్టలు రెండుసార్లు మార్చాను. ఎక్కడో ఉన్నదంతా ఒక్కసారిగా నోట్లోకి వచ్చేసింది.

"ఆ మాటొకటే మిగిలింది నీకు. నానొచ్చిన దినం అన్నావు, ఇప్పుడూ అదే అంతన్నావు. ఏటి సేసినాను మావా నీకు? పదకొండేళ్ళు ఈ ఇంట్లో కుక్కతో మాటాడినావు, నాతో మాటాడినావేటి?"

ఆయన నా ముఖంలోకి చూశాడు. నోరు తెరిచాడు. పెదవి ఒక పక్కే కదిలింది. ఏదో చెప్పాలని చాలా అవస్థపడ్డాడు, మెడ నరాలు లేచాయి. చివరికి వచ్చింది ఆ మాటే. అది తన నోట్లోంచి వచ్చినందుకు ఆయనే భయపడ్డట్టు చూశాడు. తర్వాత గోడ వైపు తిరిగిపోయాడు.

జవాబు చెప్పలేని మనిషిని జవాబు అడిగాను. చెప్పగలిగిన పదకొండేళ్ళలో ఒక్కనాడూ అడగలేదు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ తల ఎత్తబుద్ధి కాదు.

రెండు రోజులు ఆయన గోడ వైపు నుంచి తిరగలేదు. అన్నం కొడుకు వచ్చాక అతని చేతే తిన్నాడు. ఏమైందని నా భర్త అడిగితే ఏమీ లేదన్నాను. మూడో రోజు మధ్యాహ్నం చోడి అంబలి, అంటే రాగి జావ, పట్టుకెళ్ళి మంచం పక్కన కూర్చున్నాను. గ్లాసు కింద పెట్టి చెప్పాను.

"తప్పన్నాను మావా. పచ్చ ముక్క ఇప్పేత్తాను."

బ్లేడు తీసుకుని మొదటి కుట్టు తెగ్గోశాను. పదహారు వరసలు విడదీయాలి, ఒక్కో వరసలో చిలకపచ్చకు రెండు వైపులా విప్పాలి, మిగిలిన మూడు గొట్టాల్లోంచి కూడా ఆ పట్టీ తీసెయ్యాలి. విప్పిన గుడ్డలో తెగిన దారప్పోగులు వెంట్రుకల్లా నిలబడతాయి, అవి ఒక్కొక్కటే పీకాలి. నేను విప్పుతున్నాను. కొంతసేపటికి మంచం కిర్రుమంది. ఆయన ఇటు తిరిగాడు. ఎడమ చెయ్యి నా ఒళ్ళోకి చాచి ఒక పోగు పట్టుకోబోయాడు. అందలేదు. మళ్ళీ పట్టుకున్నాడు. లాగాడు. గుడ్డను ఆయనకు అందేలా జరిపాను. సాయంత్రం దాకా ఆ పని చేశాం. ఆ రోజంతా ఆయన ఆ ఒక్క మాట కూడా అనలేదు. అంబలి నా చేత్తోనే తాగాడు.

చిలకపచ్చ స్థానంలో ఆయన ఎండుగడ్డి రంగు లైనింగు ముక్క చూపించాడు. నేను చూస్తే దాన్ని బస్తాలోంచి బయటికి కూడా తీసేదాన్ని కాదు. అది పెట్టాక అల ఎక్కడా ఆగలేదు. లోపల పాత చీరలు మూడు పొరలు వేసి, అడుగున దుప్పటి వేసి, మా అమ్మ బొంత కుట్టినట్టే పై నుంచి దూరపు కుట్టు వేశాను. మాఘమాసం చలి ఇంకా పోకముందే ఆయన మీద కప్పాను. ఆయన కప్పిన వైపు చూడకుండా, అంచు తిరగేసి లోపలి కుట్టు వైపు చూశాడు. యార్డులో గంప అడుగున చూసేవాడట, అలాగే చూశాడు. తర్వాత మెడ దాకా లాక్కున్నాడు.

టీచరమ్మ వచ్చి చూసి తన ఫోనులో ఫొటో తీసుకుంది. ఎండాకాలంలో ఆమెకు బదిలీ అయింది.

చైత్రంలో ఇక్కడి కొండ ఊళ్ళన్నీ చేసుకునే ఇటుకల పండుగకు మావ చెల్లెలు వచ్చింది, నాకు చిన్నత్త వరస. ఒడిశా బోర్డరు దగ్గర ఊరు ఆమెది. పెళ్ళయినప్పటి నుంచి నన్ను ఆమె కూడా పలకరించేది కాదు. అన్న కాళ్ళ దగ్గర కూర్చుని బొంత తడిమింది.

"ఎవులు కుట్టినారన్నా ఇది?"

మావ ఎడమ చెయ్యి పైకెత్తాడు. ముందు తన గుండె మీద తట్టుకున్నాడు. తర్వాత పొయ్యి దగ్గర ఉన్న నన్ను చూపించాడు. నా భర్త నవ్వేశాడు, ఆమె నవ్వింది. నేను పొయ్యిలోకి ఊదుతున్నట్టు తల వంచుకున్నాను.

ఆయన ఇంకో చలికాలం చూడలేదు. వానలు మొదలైన నెలకు జ్వరం తగిలింది, నాలుగు రోజుల్లో పోయాడు. చనిపోయిన మనిషి పడుకున్న పక్కను ఇంట్లో ఉంచకూడదని ఇక్కడి ఆచారం. చాపా దుప్పట్లూ మనిషితో పాటు వెళ్ళిపోవాలి. ఊరి పెద్దలు చాప చుట్టారు. బొంత దగ్గరికి వచ్చేసరికి ఆగారు. నా భర్త దాన్ని ఉంచుదామన్నాడు, ఎంత కష్టపడి కుట్టిందో తనకు తెలుసన్నాడు. నాకూ ఉంచుకోవాలనే ఉంది. అబద్ధం ఎందుకు చెప్పాలి. మళ్ళీ అలాంటిది కుట్టగలనో లేదో తెలియదు.

మావ చెల్లెలు నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"నీ సేతి పని కోడలా. నీ ఇట్టం. నువ్వెలాగంటే అలాగ."

ఆ ఇంట్లో ఒక సంగతి నా మాట మీద ఆగడం అదే మొదటిసారి. బొంత మడత పెట్టి ఆమె చేతికిచ్చాను. కుడి పక్క బాగా కప్పమని చెప్పాను, అటు చలెక్కువ అన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఆమె నన్ను పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, మావ కోసం ఇంత ఏడుస్తానని అనుకోలేదు.

ఇక్కడ ఆడవాళ్ళు శ్మశానం దాకా వెళ్ళరు. గుమ్మంలో నిలబడి చూశాం. చినుకులు మా మీద పడుతున్నాయి. నలుగురు మోసుకుంటూ ఎర్రమట్టి దారిలో కాఫీ తోటల వైపు దిగారు. మలుపు తిరిగేదాకా బొంత రంగులు కనిపించాయి. అప్పుడు లోపలికి వచ్చి, చిన్నత్తకు తడిబట్టలు మార్చుకోమని నా చీర ఇచ్చి, పొయ్యి వెలిగించాను.