పెద్దల పరీక్షలో నెగ్గిన సరంగు

2022, వానాకాలం. తెనాలిలో ఒక స్కానింగ్ సెంటర్లో నేను ఎంఆర్ఐ టెక్నీషియన్‌ని. ఇటు బాపట్ల, అటు రేపల్లె, మధ్యలో ఉన్న ఊళ్లన్నిటి తలకాయలూ మా దగ్గరికే వస్తాయి. వాటితోపాటు మనుషులూ వస్తారనుకోండి, రోజంతా ఆ బొమ్మలే చూస్తుంటే అలా మాట్లాడటం అలవాటైపోయింది.

నాంచారయ్యది రేపల్లె అవతల సముద్రపు ఒడ్డున ఒక పల్లె. అరవై దాటలేదు. సరంగు, అంటే బోటు నడిపేవాడు. వేట నుంచి వచ్చాక చేపలు వాటాలు వేసి పంచేదీ ఆయనే. ఆయన పంపకం తప్పని ఎవరూ ఎన్నడూ అనలేదట. అలాంటి మనిషి కొంతకాలంగా పక్కవాడి బుట్టలోని చేప తీసి అందరి ఎదుటే తన సంచిలో వేసుకుంటున్నాడు. అడిగితే నవ్వుతాడు.

ఇదంతా ఆయన భార్య తిరుపతమ్మ చెప్పింది, ఆయన మొలతాడుకున్న తాయెత్తులు విప్పుతూ. ఎంఆర్ఐ మిషనంటే పెద్ద అయస్కాంతం, ఒంటిమీద లోహం ఉండకూడదు. మా వైపు తాయెత్తులు విప్పించడమే సగం ఉద్యోగం.

"మతిమరుపు ఉందా పిన్నీ?" అని అడిగాను.

"మతిమరుపా? అబ్బే, లేదమ్మా. మా పెద్దలు పరీక్ష పెట్టి మరీ చూశారు."

తిరుపతమ్మ అన్న చనిపోయినప్పుడు, శవం ఇంకా ఇంటి ముందు ఉండగానే నాంచారయ్య పకపకా నవ్వి, అన్నం ఎప్పుడు పెడతారని అడిగాడట. కులపెద్దలు కూర్చున్నారు. మతి చెడిందేమోనని ఆయన్ని నిలబెట్టి సముద్రం గురించి అడిగారు. ఏ గాలికి బోటు ఎటు కొట్టుకుపోతుంది, ఇసుక మేటలు ఎక్కడున్నాయి, పౌర్ణమి పోటుకి ఒడ్డుకెప్పుడు రావాలి. ఒక్కటీ తడుముకోకుండా చెప్పాడు. మతి బంగారంలా ఉంది, ఇది ఒట్టి పొగరు అని తేల్చి, బోటు ఎక్కనివ్వద్దన్నారు. ఆ రోజు నుంచీ తిరుపతమ్మ ఆయనకి అన్నం పెడుతుంది కానీ మాట్లాడదు. వాళ్లని ఏమని అంటాం, డిమెన్షియా అంటే మరిచిపోవడమేనని చదువుకున్నవాళ్లూ అనుకుంటారు.

ఏదో జ్వరానికని తీసుకెళ్తే, ఆయన వాలకం చూసి రేపల్లె డాక్టరు గారు అనుమానపడి స్కాన్ రాశారు.

"ఏమీ లేదనే వస్తుంది కదమ్మా?" అంది తిరుపతమ్మ. ఆ గొంతులో కోపం కంటే ఆశ ఎక్కువుంది. ఎందుకో నాకప్పుడు అర్థం కాలేదు.

బొమ్మలు తెరమీదికొచ్చాయి. అందరికీ తెలిసిన మతిమరుపు జబ్బులో చాలామందికి ముందుగా చెవులకి లోపలివైపు మెదడులో, జ్ఞాపకాలు నిలిచే భాగం కుంచించుకుపోతుంది. ఈయనకి అది బాగానే ఉంది. నుదుటి వెనక ఉండే ఫ్రంటల్ లోబ్ మాత్రం ఎండిన వక్కలా ముడుచుకుపోయింది. సిగ్గు, జాలి, ఎదుటివాడి బాధ తెలియడం, అన్నీ దాని చలవే. స్కాన్ ఒక్కటే చూసి జబ్బు తేల్చరు. పై అంతస్తులో ఉండే న్యూరాలజీ డాక్టరు గారు ఆయన్ని పరీక్షించి, ఇంట్లో సంగతులన్నీ అడిగి, ఫ్రాంటోటెంపోరల్ డిమెన్షియా అన్నారు. నయం చేసే మందు లేదనీ చెప్పారు.

తిరుపతమ్మ కిందికొచ్చి ఆ బొమ్మలు చూపించమని నన్ను అడిగింది. చూపించాను.

"అయితే కావాలని చెయ్యలేదా?"

"లేదు పిన్నీ. ఇది జబ్బు. ఆయన తప్పేం లేదు."

నింద పోయిందని ఊరటపడుతుందనుకున్నాను. ఆవిడ గోడ పట్టుకుని అలాగే కిందికి జారి కూలబడింది.

"పొగరైతే ఎప్పుడో దిగుతుంది కదమ్మా. నేను మాట్లాడకుండా ఉంటే ఎన్నాళ్లని ఓర్చుకుంటాడు, ఏదో ఒకరోజు వచ్చి తప్పైపోయిందంటాడని చూస్తున్నా. ఇంక అనడా?"

రిపోర్టు సంగతులు ఎవరైనా అడిగితే డాక్టరు గారిని అడగండని తప్పించుకోవడం మాకు అలవాటే. ఆ రోజు అలా తప్పించుకోకుండా ఆవిడ పక్కనే కింద చతికిలబడ్డాను. ఏడుపొచ్చింది.

నాంచారయ్య బెంచీమీద ఇంకెవరిదో బిస్కెట్ ప్యాకెట్ విప్పుకుని తింటున్నాడు. ఆవిడ లేచి, కొంగుతో ఆయన మూతి తుడిచింది.

"ఆకలేస్తుందా?" అని అడిగింది.

"వేస్తుంది," అన్నాడాయన నవ్వుతూ. ఇన్నాళ్లకు ఆవిడ మాట్లాడిన సంగతి ఆయనకి తెలియనేలేదు.

జబ్బే తప్ప మనిషి తప్పు కాదని ఇప్పటికీ ఇలాంటి రోగుల ఇంట్లోవాళ్లకి చెబుతూనే ఉంటాను. కాకపోతే, ముందు వాళ్లని కూర్చోబెడతాను.