దాలమ్మ గేటు, మూడో కథ

చీపురుపల్లి స్టేషను వెనక మైదానంలో టూరింగు టాకీసు డేరా లేచిందంటే ఆడవాళ్ల గేటు దగ్గర దాలమ్మ ఉన్నట్టే. ఐదేళ్లుగా అదే పని. టిక్కెట్టు చింపి సగం చేతిలో పెట్టడం, చంటిపిల్లల తల్లులను, మగవాళ్ల వైపుకి అడ్డంగా కట్టిన తడిక పక్కకీ పొడుగు మనుషులను వెనక్కీ పంపడం, మగవాడెవడైనా పొరపాటున ఇటు అడుగు వేస్తే వాడి ముత్తాత దగ్గర్నుంచి మొదలుపెట్టి తిట్టడం. భర్త ఎర్రన్న మెట్ట భూమిలో చోళ్లు, గంటెలు లాంటి చిరుధాన్యాలు వేసేవాడు. వాన పడిన ఏడు పంట ఇంటికొచ్చేది. పడని ఏడు ఆ ఇంటికి గేటే ఆధారం.

దాలమ్మకి చదువు రాదు. కానీ ఏ సినిమా ఎన్నాళ్లు ఆడుతుందో మొదటి ఆటకే చెప్పేది. తెర చూసి కాదు, బయటికొచ్చే ఆడవాళ్లను చూసి. డేరాలోంచే మాట్లాడుకుంటూ వస్తే మూడు రోజులు. మాట్లాడకుండా వచ్చి వీధి మలుపు తిరిగాక మొదలుపెడితే వారం. పిల్లల్ని కొట్టుకుంటూ వస్తే మర్నాడే పెట్టె కట్టెయ్యవచ్చు.

1968 మార్గశిరంలో ఆ డేరాకి ‘నాలుగు గడపలు’ అనే సినిమా వచ్చింది. ఒక సత్రంలో ముసలాయన కూర్చుని వరసగా నాలుగు దెయ్యం కథలు చెబుతాడు. తీసినవాళ్ల దగ్గర డబ్బు లేదని మొదటి రీల్లోనే తెలిసిపోతుంది. నాలుగు కథలకీ ఒకటే ఇల్లు, పరదాలు మాత్రం మార్చారు. మొదటి కథలో అస్థిపంజరం నడుస్తుంటే దాన్ని లాగుతున్న తాడు కనబడుతుంది.

మంగళవారం మొదటి ఆటకి నలభై మంది దాకా ఆడవాళ్లు వచ్చారు. అస్థిపంజరం కనబడగానే తడికకి అవతల మగవాళ్లు ఈలలు వేశారు. “తాడు గట్టిగా లాగరా, పడిపోతాది!” అని ఒకడు అరిచాడు. పిల్లలు అస్థిపంజరానికి కాదు, ఈలలకి జడిసి ఏడ్చారు. రెండో కథ సగంలోనే తల్లులు లేచిపోయారు. రైతుల వీధి అసిరమ్మ, అరవై ఏళ్ల మనిషి, గేటు దగ్గర ఆగి అడిగింది.

“ఏటే దాలమ్మా, మొదటి కతలో సచ్చినోడే రెండో కతలో డాట్రై వచ్చేసినాడు. తన పానం తాను కాసుకోలేనోడు ఇంకోల్నేటి బతికిస్తాడే?”

“మీసం మార్సినాడు గదప్పా.”

“మీసం మారిస్తే సావు పోతాదేటి!” అనుకుంటూ వెళ్లిపోయింది.

మూడో కథకి పదకొండు మంది మిగిలారు. అందులో దెయ్యం ఎక్కడా కనబడదు. పురిట్లో పోయిన కోడలి ఇల్లు. రోజూ సందె వేళకి ఎవరూ ముట్టించకుండానే పొయ్యి రాజుకుంటుంది, పాలు వెచ్చబడతాయి, ఉయ్యాల్లో పిల్ల ఏడుపు ఆపుతుంది. గాజుల చప్పుడు తప్ప ఏమీ ఉండదు. రెండో భార్యగా వచ్చిన పిల్ల ముందు వణికిపోతుంది, తలుపులకి తాళాలు వేస్తుంది. ఆఖరికి ఒక సాయంత్రం పాలగిన్నె తనే పొయ్యి పక్కన పెట్టి, తలుపు తీసి ఉంచి, అవతల గదిలోకి వెళ్లిపోతుంది. అంతే కథ. తరవాత వచ్చే నాలుగోది ఒక వంటవాడు తన నీడకే భయపడి పరుగెత్తే హాస్యం. నవ్వు రాదు.

ఆ పదకొండు మందీ మాట్లాడకుండా గేటు దాటారు. దాలమ్మ అది చూసింది.

మర్నాడు పొద్దున టాకీసు యజమాని నగరేశ్వరరావు వచ్చాడు. పట్నంలో నూనె, బెల్లం వ్యాపారం ఉన్న షావుకారు. ఖాళీ చాపలు చూసి విషయం తేల్చేశాడు.

“దెయ్యాల సినిమాకి ఆడోళ్లు రారే దాలమ్మా. ఇంక రాబోయేవన్నీ కత్తియుద్ధాల సినిమాలే. శనివారం ఫస్టు షోకి నేనే వస్తాను. తడికకి ఇటేపు సగం నిండకపోతే, ఆదివారం తడిక పీకించి బెంచీలు ఏయించేస్తాను.”

“మరి నా సంగతేటి బాబూ?”

“నీకేటి, పొలం ఉన్నాది గదా.”

“పొలం ఉన్నాది బాబూ. వానే లేదు.”

ఆయన నవ్వాడు గాని మాట మార్చలేదు. పని పోవడం ఒక్కటే కాదు దాలమ్మ బాధ. తడిక లేకపోతే ఆ ఊరి ఆడవాళ్లు డేరా వైపు రారు, ఇంట్లో వాళ్లు రానివ్వరు. మూడు గంటలపాటు ఎవరూ మంచినీళ్లు తెమ్మని పిలవని చోటు వాళ్లకి అదొక్కటే.

ఆమె ఆపరేటరు అప్పలసూరి దగ్గరికి వెళ్లింది. ఎచ్చెర్ల వైపు రైతుబిడ్డ. జనరేటరుకి కాపలాగా చేరి మిషను నేర్చుకున్నవాడు. ఆ మిషను మీద ఈగ వాలినా ఊరుకోడు.

“ఒరే సూరీ, మూడో కత ముందెయ్యి.”

“అదెలగవుతాదప్పా? మద్రాసోడు నెంబర్లేసి పంపినాడు.”

“మద్రాసోడు సీపురుపల్లి ఎప్పుడైనా సూసినాడేటి? ఇస్తట్లో ముందు సేదు కాకరకాయ ఏసి, గారెలు ఆఖర్న ఎడితే ఎవుడు కూకుంటాడ్రా?”

“ముసలోడు మొదటి కతా, రెండో కతా అని సెప్తాడు గదా. వరస తప్పితే నవ్వుతారు. నా సెయ్యి మీద అలాటి పని జరగదు.”

దాలమ్మ వాదించలేదు. రీళ్లు కదలకపోతే మనుషులను కదపవచ్చు అనుకుంది. పలాస వైపు నుంచి వచ్చే రాత్రి పాసింజరు స్టేషనులో కూత వేసే వేళకి, డేరాలో రెండో కథ అయిపోతుంది. బుధవారం మధ్యాహ్నమే వీధివీధికీ తిరిగి చెప్పింది. “మొగోళ్లకి కూడెట్టీసి, పిల్లల్ని పడుకోబెట్టి, రైలు కూసినాక రండి. అసలు కత అప్పుడే మొదలవుతాది.” ఆట మొదలయ్యాక గేటు మూసెయ్యాలని యజమాని నియమం. ఆమె మూయలేదు.

బుధవారం ఇరవై మంది. గురువారం ముప్పై. శుక్రవారం చాపలు సగం నిండాయి. ఆ మూడు రోజులూ రైలు వేళకే వచ్చింది. దాలమ్మ చేటుకాలం అదే. రైలు వేళకే వస్తుందని నమ్మేసింది.

శనివారం రైలు రాలేదు. ముందున్న గూడ్సుకి దారి ఇచ్చి ఎక్కడో ఆగిపోయింది. ఊళ్లో ఆడవాళ్లు అన్నాలు పెట్టేసి, గడపల్లో నిలబడి కూత కోసం వింటున్నారు. డేరాలో రెండో కథ చివరికొస్తోంది. తడికకి ఇటువైపు నలుగురు ముసలమ్మలు ఉన్నారు. నగరేశ్వరరావు గేటు దగ్గరికొచ్చి ఆ నలుగురినీ చూశాడు.

“ఇదేనా దాలమ్మా సగం?”

ఇక దాచి లాభం లేదని జరిగినదంతా చెప్పేసింది. ఆయన నోరు తెరిచాడు.

“అంటే నా టాకీసుకి టైము రైలోడు ఎడతన్నాడేటి!”

లోపల దీపాలు వెలిగాయి. ఒకటే మిషను కాబట్టి రీలు మార్చినప్పుడల్లా ఆట ఆగుతుంది. దాలమ్మ గేటు వదిలేసి మిషను దగ్గరికి పరుగెత్తింది. వెనకే షావుకారు.

“ఒరే సూరీ, మూడోది ఎక్కించకు! ఆడోళ్లు రాలేదు.”

“ఆపితే మొగోళ్లు బెంచీలిరగ్గొడతారప్పా!”

“ఆపమనట్లేదు. నాలుగోది ఎయ్యి.”

అప్పలసూరి చేతిలో మూడో కథ రీలు ఉంది. అవతల అప్పుడే ఈలలు మొదలయ్యాయి. అతను యజమాని వైపు చూశాడు.

“బాబూ?”

“నన్నడుగుతావేటి? మిషను నీది.”

ముందురోజు రాత్రి లాంతర్లు పట్టుకుని గుంపుగా వచ్చిన ఆడవాళ్లను అప్పలసూరీ చూశాడు. చేతిలోది పెట్టెలో పెట్టేసి నాలుగో కథ ఎక్కించాడు.

తెర మీద ముసలాయన “ఇదే ఆఖరి కథ” అన్నాడు. వంటవాడు నీడని చూసి పరుగెత్తాడు. మగవాళ్లు ఆవలించారు. దాలమ్మ గేటు గుంజ పట్టుకుని చీకట్లోకి చూస్తూ నిలబడింది. నీడ వంటవాణ్ణి మూడోసారి తరుముతుండగా స్టేషనులో కూత వినబడింది.

కాసేపటికి రైతుల వీధి వైపు నుంచి లాంతర్లు కదిలాయి. ముందు అసిరమ్మ, వెనక కోడళ్లు, కూతుళ్లు, చంకల్లో నిద్రపోతున్న పిల్లలు. “ఆలస్యమయిపోనాదేటే?” “లేదప్పా, జరగండి, జరగండి.” టిక్కెట్లు చింపలేక దాలమ్మ చేతులు నొప్పెట్టాయి. చాపలు నిండి, తరవాత వచ్చినవాళ్లు ఇసకలోనే కూర్చున్నారు.

నాలుగో కథ అయిపోయింది. మగవాళ్లు పంచెలు దులుపుకుని లేస్తున్నారు. మళ్లీ దీపాలారిపోయి, ముసలాయన తెర మీదికొచ్చి “ఇక మూడో కథ వినండి” అన్నాడు.

“ఒరే, ముసలోడు లెక్క మర్సిపోనాడ్రా!”

“నిద్దరొస్తన్నాదేమో, కూకోండ్రా!”

డేరా అంతా నవ్వింది. నవ్వుతూనే కూర్చున్నారు. పొయ్యి రాజుకునే సరికి నవ్వు ఆగింది. గాజులు చప్పుడైనప్పుడు ఒక్క ఈల లేదు. నాలుగు రోజులుగా మగవాళ్లు ఈ కథ మీద అరిచి, తరవాతిదాని మీద ఆవలించి ఇంటికెళ్లారు. ఇప్పుడు పాలగిన్నె దగ్గర ఆ పిల్ల తలుపు తీసి ఉంచి వెళ్లిపోతుంటే, తడికకి ఇటూ అటూ ఎవరూ కదల్లేదు. దీపాలు వెలిగాక నగరేశ్వరరావు కండువాతో మొహం తుడుచుకుని, దోమలు ఎక్కువగా ఉన్నాయన్నాడు.

ఆదివారం పొద్దున తడిక తియ్యడానికి ఇద్దరు కూలీలు వచ్చారు. షావుకారు దాన్ని మగవాళ్ల వైపుకి నాలుగు బారలు జరిపి పాతమన్నాడు. పక్కనే నిలబడ్డ దాలమ్మ ఇంకో మాట తేల్చుకుంది.

“బాబూ, ఆట మొదలైనా నాను గేటు ముయ్యను. ఇంట్లో పనులయ్యాకే గదా ఆడోళ్లు రావాల.”

“ముయ్యకు.”

“రీళ్ల సంగతి?”

“అది సూరిని అడుగు.”

అప్పలసూరి అప్పటికే సుద్దముక్కతో పెట్టెల మీద కొత్త అంకెలు వేస్తున్నాడు. వచ్చే వారం డేరా నౌపడ వెళుతోంది. అక్కడి గేటుకి ఎవరిని పెట్టాలో తనకి తెలియదనీ, వస్తే దాలమ్మే రావాలనీ తల ఎత్తకుండా చెప్పాడు. ఎర్రన్నని అడిగి చెబుతానని ఆమె కొత్తగా వచ్చిన నేల మీద చాపలు పరచడానికి వెళ్లింది. పాతవి సరిపోలేదు. ఇంకో మూడు కావాలంది.