గరిటె మోగని పూట

నా చిన్నప్పుడు, ఎనిమిదో ఏట, మా నాయన నన్ను బంగారుపాళ్యం అవతల మామిడితోపుల నడుమ ఉన్న ఒక చిన్న వేదపాఠశాలలో వదిలిపెట్టి వెళ్లాడు. తొమ్మిదిమంది పిల్లలం, ఒక్కరే అయ్యవారు. వంటావార్పూ చూసేది ఆయన భార్య. ఆమెను మేం అమ్మగారు అనేవాళ్లం. నేను అక్కడ ఏడాదైనా నిండా ఉండలేదు. ఆలోపే ఆ పాఠశాల మూతబడింది. అందులో నా పాపం ఎంతో ఒక్కరికి తప్ప ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పుకోలేదు.

శ్రావణ పౌర్ణమి వెళ్లాక సంత మొదలైంది. సంత అంటే, అయ్యవారు ఒక వాక్యం ఒకసారి చెబుతారు, మేం రెండుసార్లు అంటాం. పుస్తకం చూడకూడదు. ఇప్పటి పిల్లల్లాగా ఫోన్లో రికార్డు చేసుకోవడాలు లేవు. అయ్యవారి నోట ఎలా వస్తే మా తలల్లోకి అలాగే పోవాలి, స్వరంతో సహా.

సంత సాగుతుండగా ఉన్నట్టుండి వంటింట్లో ఇత్తడి గరిటె ఠంగుమని గిన్నెకు తగిలేది. అయ్యవారు ఆగి, దగ్గి, ఒక వాక్యం వెనక్కి పోయి మళ్లీ అందుకునేవారు. మేమూ వెనక్కి పోయి మళ్లీ అనాలి. నాకు ఒకసారి వింటే చాలు వచ్చేసేది, దానికి తగ్గ పొగరూ ఉండేది. ఈ గరిటె గోల లేకపోతే ఎప్పుడో లేచి ఆడుకునేవాళ్లం కదా అని అమ్మగారి మీద మహా కోపంగా ఉండేది.

కార్తీకంలో ఒక పొద్దున ఆ గరిటెను నా తుండుగుడ్డలో చుట్టి, తోపులో ఎండాకుల కుప్పలో దాచేశాను. ఆమె ఇల్లంతా వెతికి, తర్వాత దొడ్లోకి పోయి వెతుకుతూ ఉండిపోయారు. ఆ పూట సంత ఎక్కడా ఆగకుండా గడగడా సాగింది. గెలిచాననుకున్నాను. ఆ పాఠాన్ని రోజూ తోపులో, ఆమె చెవిన పడనంత దూరంలో కూర్చుని వల్లె వేసి గట్టి చేసుకున్నాం. మర్నాటికే గరిటె మళ్లీ వంటింట్లో ఉంది. ఎవరినీ ఏమీ అడగలేదు ఆమె.

మాఘంలో తిరుపతి నుంచి ఇద్దరు పెద్దలు పరీక్షకు వచ్చారు. పాఠశాల ఉండేదీ పోయేదీ వాళ్ల మాట మీదే ఉందని మాకు తెలుసు. వాళ్లు ఆ కార్తీకపు పాఠమే అడిగారు. తొమ్మిది గొంతులూ ఒక్కటిగా పోతుండగా వంటింట్లో ఠంగుమంది. ఆగిపోయాం.

"నడమ ఒక వాక్యం యాడికి పోయిందప్పా?" అన్నారు పెద్దల్లో ఒకరు. మళ్లీ చెప్పమన్నారు. మళ్లీ అక్కడే దాటేశాం. ఒకడు తప్పితే ఆ తప్పు పిల్లవాడిది. తొమ్మిదిమందీ ఒక్కచోటే తప్పితే అది సంత చెప్పినవారిది. అందరూ అయ్యవారి వైపు చూశారు. ఆయన పెదవులు కదిలాయిగానీ, నలభై ఏళ్లుగా చెబుతున్న ఆ వాక్యం బయటికి రాలేదు. ఆయనకు జ్ఞాపకం జారిపోతోందనీ, ఆయన వాక్యం దాటేసినప్పుడల్లా ఆమె ఆ గరిటె మోగించి, మా ముందు ఆయన పరువు కాచుకొస్తున్నారనీ అప్పుడు తెలిసింది నాకు.

అమ్మగారు గడప దాకా వచ్చారు. "తప్పు నాది స్వామీ. ఆ పూట గరిటె యాడో పెట్టి మరిచిపోయి, దొడ్లో వెతుకుతా ఉంటిని" అన్నారు. నా వైపు చూడలేదు. నేను లేచి నిజం చెప్పి ఉండొచ్చు. తా చెడ్డ కోతి వనమెల్లా చెరిచిందంటారు. చెరిచిన ఆ కోతి నోరు మూసుకుని కూర్చుంది.

పదిహేను రోజుల్లో మమ్మల్ని తీసుకుపొమ్మని ఇళ్లకు కబుర్లు వెళ్లాయి. మా నాయన వచ్చిన రోజు అయ్యవారు ఖాళీ చావడిలో కూర్చుని ఒక వాక్యం చెప్పడం, మేం రెండుసార్లు అనేంతసేపు ఆగడం, తర్వాతది చెప్పడం కనిపించింది. అది చూడలేక వంటింట్లోకి పోయి అమ్మగారి కాళ్ల దగ్గర కూలబడి అంతా చెప్పేశాను.

"నాకు తెలుసు నాయనా. ఆకుల్లో నీ తుండుగుడ్డ గూడా దొరికినాది" అన్నారు. కాసేపు నన్ను ఏడవనిచ్చారు. "ఇంక చాలు. ఆ వాక్యం లేకుండా ఇంటికి పోవద్దు. ఈడ కూర్చో."

ఆడవాళ్లు వేదం పలకకూడదని నమ్మిన ఇల్లది. ఆమె తలుపు దగ్గరికి వేసి, సన్నని గొంతుతో, స్వరం చెదరకుండా ఒకసారి చెప్పారు. నేను రెండుసార్లు అన్నాను.

నాకిప్పుడు డెబ్బై దాటాయి. తిరుపతిలో నేనూ పిల్లలకు సంత చెబుతున్నాను. ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి నా గొంతు ఆగుతుంది. దగ్గి, మళ్లీ అందుకుంటాను. ఈయనకు మతిమరుపు వచ్చిందని పిల్లలు ఒకరినొకరు చూసుకుంటారు, చూసుకోనీ. గురువెవరని ఎవరడిగినా అయ్యవారి పేరే చెబుతూ వచ్చాను. ఆ ఒక్క వాక్యానికి మాత్రం నా గురువు ఆవిడ.